అభిరుచి సంఘము ఎంతవరకు విస్తరింపవచ్చును?

ఒకే అభిరుచి గల పదిమంది కలిసి సంఘము నెలకొల్పుకొందురు. కొన్నాళ్లు గడచునప్పటికి వారిలో ఒక చర్చ తప్పక బయలుదేరును. మొదట పెట్టుకొన్న విషయముతోనే తృప్తిపడవలెనని కొందరు, క్రొత్త విషయములను చేర్చుకొననిచో సంఘము ఎండిపోవునని కొందరు వాదింతురు. ఈ చర్చకు రేడియో గల గృహములతో దగ్గర చుట్టరికము కలదు. మన దేశమున క్రమముగా ప్రసారములు జరుపుటకు తొలుదొల్త పూనుకొన్నవి ఇట్టి అభిరుచి సంఘములే.

1924 మే 16న సి.వి. కృష్ణస్వామి శెట్టి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడినది. సభ్యులు వైర్‌లెస్ విద్యపై మక్కువ గలవారు. అయినను వారు తమ ముచ్చటతో ఆగక, ఆ సంవత్సరము జూలై 31న నలుగురి కొరకు ప్రసారములను ఆరంభించిరి. వారి మొదటి యంత్రము శక్తి 40 వాట్లు. అనగా పాతకాలపు చిన్న విద్యుద్దీపమునకు పట్టునంత మాత్రమే. తరువాత 200 వాట్ల యంత్రము సమకూడినది. సంగీతమును, ప్రసంగములను పట్టణవాసులు ఇంట కూర్చుండి వినగల్గిరి.

కాని అభిరుచి వేరు, ప్రసారము వేరు. అభిరుచి గలవాడు అలసినచో యంత్రమును కట్టిపెట్టి నిద్రపోవచ్చును. ప్రసారమునకు ఆ వెసులుబాటు లేదు. వేళ కాగానే గాయకుడు సిద్ధముగా ఉండవలెను, యంత్రము పలుకవలెను. వినువారు పెరిగినకొలది పని పెరుగును గాని, వినువారెల్లరు చందాదారులు కారు. ఆర్థికమైన ఇబ్బందులు మీదపడగా 1927 అక్టోబరులో క్లబ్బు మూతపడినది. దాని యంత్రము మద్రాసు కార్పొరేషనుకు చేరినది. కార్పొరేషను 1930 ఏప్రిల్ 1న ప్రసారములను మరల ఆరంభించి, 1938లో ఆకాశవాణి మద్రాసు కేంద్రము వెలసినదాక నడిపినది.

కావున ఆ క్లబ్బువారు చేసినది పొరపాటని అనవచ్చునా? మేమట్లు తలపము. పట్టణమునకు మేలే కలిగినది. వారు నాటిన విత్తు చెట్టయినది. అయితే ఆ చెట్టు నీడలో కూర్చుండుటకు నాటిన సంఘము మిగులలేదు. విస్తరింపగోరు ప్రతి సంఘమును ముందుగా తెలిసికొనవలసిన వెల యిది.

ఇదే కాలమున ఇంగ్లండునందలి ఔత్సాహికులు వేరొక త్రోవ త్రొక్కిరి. 1921 డిసెంబరులో 63 వైర్‌లెస్ సంఘములు ఏకమై, క్రమబద్ధమైన ప్రసారములు కావలెనని అచటి తపాలాశాఖకు వినతిపత్రము సమర్పించినవి. ఫలితముగా 1922 ఫిబ్రవరి 14న మార్కోనీ కంపెనీవారు రిటిల్ గ్రామమునుండి వారపు ప్రసారము మొదలిడిరి. ఔత్సాహికులు అడిగిరేగాని ఆ భారమును నెత్తికెత్తుకొనలేదు. ప్రసారము బి.బి.సి. వంతయినది, 1913లో లండనులో పుట్టిన వారి సంఘము తన ప్రయోగములను విడువక, బ్రిటన్ రేడియో సొసైటీగా నేటికిని జీవించియున్నది.

విస్తరణము అసలే కూడదని దీని భావము కాదు. హైదరాబాదున 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ స్థాపింపబడినది. హామ్ రేడియో అభిమానులు లైసెన్సు పొంది, ధనాపేక్ష లేక, దూరదేశములవారితో సంభాషించుచుందురు. 2004 డిసెంబరులో ఈ సంస్థకు చెందిన భారతీప్రసాద్ బృందము ఆ వేడుకకే అండమాను దీవులకు పోయియుండెను. 26వ తేదీన సునామీ విరుచుకుపడి టెలిఫోనులు మూగవోగా, ఆ యంత్రములే దీవులవారి క్షేమసమాచారములను ప్రధానభూమికి చేరవేసినవి. పని క్రొత్తది, విద్య మాత్రము పాతదే. చేయి తిరిగిన విద్యనుండి పుట్టిన విస్తరణము గనుక అది సంఘమునకు బరువు కాక బలమైనది.

ఈ మూడింటినుండి మేము గ్రహించినది సంగ్రహముగా చెప్పుదుము. క్రొత్త పని సభ్యులకు వచ్చిన విద్యతోనే సాగునా యని మొదట చూడవలెను. దానికి నిత్యవ్యయము కావలసియున్నచో, ఆ సొమ్ము ఎవరిత్తురో ఆరంభమునకు ముందే తేల్చుకొని, దాని లెక్క వేరుగా నుంచవలెను. పాత సభ్యులు ఏ ముచ్చటకై చేరిరో ఆ ముచ్చటకు కేటాయించిన సాయంకాలమును హరింపరాదు. పని సంఘమును మించి ఎదిగినచో, మోయగలవారికి సకాలమున అప్పగించుట పరాజయము కాదు. కూతురు పెరిగి అత్తవారింటికి పోయినంతమాత్రమున పుట్టిల్లు పాడుపడనక్కరలేదు గదా!

మీ ఊరి నాటకసమాజమునగాని, తపాలాబిళ్లలు సేకరించు మిత్రబృందమునగాని ఈ చర్చ వచ్చినపుడు, "విస్తరింపవలెనా?" అని మాత్రమే అడుగకుడు. "విస్తరించిన పిదప మనము మిగులుదుమా?" అనియు అడుగుడు. రెండవ ప్రశ్నకు జవాబు దొరకినచో మొదటిదానికి భయపడ పనిలేదు.