ఆరుసార్లు గడప తొక్కితే రూ.250

ఆసుపత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన బాలింతనూ బిడ్డనూ ఆశా కార్యకర్త ఆరుసార్లు చూసి రావాలి: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. కాన్పు ఇంట్లోనే అయితే తొలిరోజుతో కలిపి ఏడు. అన్నీ పూర్తిచేస్తే జాతీయ ఆరోగ్య మిషన్ లెక్కలో రూ.250. అంటే ఒక్కోసారికి దాదాపు రూ.42.

ఆ రూ.42కి ఏం జరుగుతుందో చూడండి. సబ్బుతో చేతులు కడుక్కుని బిడ్డను తూకం వేస్తుంది. పుట్టినప్పుడు రెండున్నర కిలోలకు తక్కువుంటే మరింత కనిపెట్టుకోవాలి. చంకలో థర్మామీటరు పెడుతుంది, బొడ్డు దగ్గర చీము పట్టిందేమో చూస్తుంది. ఆపైన పసికందు పొట్ట మీద చూపు నిలిపి, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెడుతుంది. 60 గానీ అంతకు మించి గానీ ఉంటే మళ్లీ లెక్కపెట్టాలి, అప్పుడూ అంతే ఉంటే ఆసుపత్రికి పంపాలి. పాలు పడక ఏడుస్తున్న తల్లికి ధైర్యం చెప్పడానికీ, ‘మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా’ అనే అత్తగారిని ఒప్పించడానికీ ఫారంలో గడి లేదు.

2005లో ఆశా పథకం మొదలైనప్పుడు వెయ్యి జనాభాకు ఒకరు, సొంత బతుకుతెరువుకు అడ్డురాకుండా తీరిక వేళల్లో చేసే సేవ అనుకున్నారు. ఇప్పుడు దేశంలో 10 లక్షల మంది పైనే. ఆ తీరిక ఎక్కడిదో మరి! 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు. ఆశా ఫోను రాత్రి రెండింటికి మోగినా, తెల్లారేసరికి పొయ్యి వెలిగించేది ఆమే.

ఆశాల పారితోషికానికి రాష్ట్రాలు తమ వాటా కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకు రూ.3,000 నుంచి రూ.10,000 చేశారు. తెలంగాణలో రూ.9,750 దాకా వస్తుంది, రూ.18,000 కావాలని అక్కడ సమ్మెలు జరిగాయి. పది వేలను 30 రోజులకు పంచితే రోజుకు రూ.333. 2025–26లో రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రూ.307. ఆ పనికైతే సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. ఊళ్లో కాన్పులన్నీ కనిపెట్టుకునే మనిషికి 180 రోజుల ప్రసూతి సెలవు ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రకటించింది 2025 మార్చిలో.

అయినా పని వదలరేం? తృప్తి ఉంది, అది అబద్ధం కాదు. తను తూచిన బిడ్డ బడికి పోతుంటే కలిగే సంతోషం ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీళ్లందరికీ కలిపి అవార్డు కూడా ఇచ్చింది. చిక్కల్లా ఆ తృప్తిని జీతంలో భాగంగా లెక్కేయడంతోనే. స్వచ్ఛంద కార్యకర్తలంటున్నారు కాబట్టి కనీస వేతనం అడిగే దారి లేదు. వీళ్లను కార్మికులుగా గుర్తించాలని 2013లోనే భారత కార్మిక మహాసభ సిఫార్సు చేసింది.

ఇంకో లెక్క ఎవరూ అంతగా పట్టించుకోవడం లేదు. ఈ పారితోషికాల్లో చాలావాటికి కాన్పులే ఆధారం. కాన్పులేమో తగ్గిపోతున్నాయి: అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే సంతానోత్పత్తి రేటు ఆంధ్రాలో 1.7, తెలంగాణలో 1.8. పెరుగుతున్నవి బీపీ, షుగరు. వాటి కోసం ఆశా ముప్పై దాటిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి పొగాకు, మందు అలవాట్లు అడిగి, నడుము కొలిచి, మానని దగ్గుందా అని వాకబు చేసి ఫారం నింపాలి. ఒక్కో ఫారానికి పది రూపాయలు.