మెదడునకు పందిరి

మా గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పత్తి తీయుటకును, మిరపకాయల తొడిమలు త్రుంచుటకును వ్రేళ్లే ఆధారము. పక్షవాతమున చేయి పడిపోయిన యామెకు కూలి యొక్కటియే కాదు, తన జడ తాను వేసికొను వీలును పోవును.

మెదడులో రక్తమందని చోట కణములు చచ్చి, కొన్ని వారములకు గుంట యేర్పడును. చుట్టును మచ్చ గట్టిపడును. క్రొత్త నరపుపోగు ప్రాకుటకు ఊతముండదు. పందిరి లేని బీరపాదు వంటిదని మాకు తోచినది.

ఆ పందిరిని జున్నువలె మెత్తనైన జెల్లుతో వేయజూచుచున్నారు శాస్త్రజ్ఞులు. ఉస్మానియాలో చదివి అమెరికా కేగిన బెల్లంకొండ రవిగారు (ఆ పేరిటి యూరు మన పల్నాటనే యున్నది!) సహచరులతో గూడి, సముద్రపు నాచునుండి తీసిన అగరోజు జెల్లులో నరకణములు నలుదెసల పోగులు చాచుటను 1995లో ప్రకటించిరి. 2018లో లాస్ ఏంజిలిస్ నగరమున సెగురా, కార్మైకేల్ అను పండితుల బృందము, మన కీళ్లలో సహజముగ నుండు హైయాలురానిక్ ఆమ్లముతో జెల్లు చేసి, రక్తనాళములను మొలిపించు పదార్థమును జేర్చి, పక్షవాతము కల్పించిన చిట్టెలుకల మెదడు గుంటలో నింపెను. 16 వారములకు అందు రక్తనాళములును నరపుపోగులును కనబడెను. ముంగాళ్ల కదలిక మెరుగుపడెను.

ఇది మనుష్యులకు ఇంకను వైద్యము కాలేదు. మెదడు మొలిపింతుమని నగలు కుదువ పెట్టించువారిని నమ్మకుడు. మూతి వంకరపోయినను, మాట తడబడినను, చేయి జారినను వెంటనే 108కి ఫోను చేయుడు. స్కానింగులో రక్తపుగడ్డ వలన వచ్చినదని తేలినచో, దానిని కరగించు మందు సాధారణముగ నాలుగున్నర గంటలలో పడవలెను. కావున రోగి కడపట బాగుగ నున్న వేళ వైద్యునకు చెప్పవలెను. నిద్ర లేచుసరికే వచ్చియున్నచో, రాత్రి పండుకొన్న వేళ చెప్పుడు.