ఉబ్బసం ఎగదన్నితే ఏం చెయ్యాలి?

ఉబ్బసం అంటే అందరికీ తెలుసు. కొన్ని ఊళ్ళలో దీన్ని ఆయాసం అంటారు. తెలంగాణలో దమ్ము అంటారు. డాక్టర్లు ఆస్తమా అంటారు. పేరు ఏదైనా జబ్బు ఒకటే.

ఇది నాలుగు రోజులుండి పోయే జబ్బు కాదు. ఏళ్ళ తరబడి మనిషిలోనే ఉంటుంది. కాని రోజూ ఒకేలా ఉండదు. నెలల తరబడి ఏమీ ఉండదు. మనిషి కూలికి పోతుంది, నీళ్ళు మోస్తుంది, వంట చేస్తుంది. చూసినవాళ్ళకు జబ్బు ఉన్నట్టే కనపడదు. ఒక రాత్రి ఉన్నట్టుండి ఎగదన్నుతుంది. ఊపిరి అందదు. మంచం మీద కూర్చుని తెల్లవార్లూ రొప్పుతుంది.

"నిన్నటిదాకా బాగానే ఉంది గదా, ఇవాళేమొచ్చింది? పని తప్పించుకోటానికి నాటకం" అనే మాట కూడా కొందరు ఆడవాళ్ళు పడాల్సి వస్తుంది. అది నాటకం కాదు. ఈ జబ్బు తీరే అంత.

లోపల ఏం జరుగుతుంది?

పొయ్యి ఊదే గొట్టం అందరం చూసిందే. గొట్టం బోలుగా ఉంటే గాలి సాఫీగా పోతుంది. గొట్టం లోపల మసి పేరుకుంటే గాలి ఆడదు. ఊదినప్పుడు కూత వస్తుంది.

మన రొమ్ములో కూడా గాలి గొట్టాలు ఉన్నాయి. చెట్టు కొమ్మల్లా పెద్దవి, చిన్నవి, మరీ సన్నవి ఉంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఈ గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొద్దిగా వాచి ఉంటుంది. ఆయాసం లేని రోజున కూడా ఆ వాపు ఉంటుంది. ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

వాచిన గొట్టానికి పొగో, దుమ్మో తగులుతుంది. అప్పుడు మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. గొట్టం చుట్టూ ఉన్న కండ బిగుసుకుంటుంది. లోపలి వాపు పెరుగుతుంది. చిక్కటి తెమడ అడ్డం పడుతుంది. లోపలికి పోయిన గాలి బయటికి రాలేదు. అందుకే ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వస్తాయి.

ఇది అంటుజబ్బు కాదు. ఒకే కంచంలో తిన్నా రాదు. ఒకే మంచంలో పడుకున్నా రాదు. అయితే అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ.

ఏది తగిలితే ఎగదన్నుతుంది?

అందరికీ ఒకటే కాదు. ఒకరికి చల్లగాలి పడదు. ఒకరికి బూజు దులిపితే వస్తుంది. పొయ్యి పొగ, పిడకల పొగ, బీడీ పొగ, దోమల చుట్ట పొగ, సాంబ్రాణి పొగ చాలామందికి పడవు. భోగి మంట, దీపావళి టపాకాయలు కూడా అంతే. జలుబు చేస్తే చాలామందికి ఆయాసం పెరుగుతుంది. కొందరు ఆడవాళ్ళకు బహిష్టుకు ముందు రోజుల్లో ఎక్కువవుతుంది. కొద్దిమందికి ఆస్పిరిన్ లాంటి నొప్పుల బిళ్ళలు పడవు. వాళ్ళు కొట్లో బిళ్ళ కొనేముందు తమకు ఉబ్బసం ఉందని చెప్పాలి.

గుంటూరు వైపు మిరపకాయల తొడిమెలు తీసే పని ఆడవాళ్ళే చేస్తారు. ఆ ఘాటు, ఆ దుమ్ము మామూలు మనిషికే దగ్గు తెప్పిస్తాయి. ఉబ్బసం ఉన్న మనిషికి చెప్పనక్కర లేదు. పని మానమని చెప్పటం తేలిక. కూలి డబ్బులు ఎవరిస్తారు? కాబట్టి చెయ్యగలిగింది చెయ్యాలి. ముక్కుకూ నోటికీ గుడ్డ బిగించి కట్టుకోవాలి. గాలి వచ్చే వైపు కూర్చోవాలి. పంపు కొంగున కట్టుకుని పోవాలి.

అన్నం తింటే ఉబ్బసం, అరటిపండు తింటే ఉబ్బసం, పెరుగు తింటే ఉబ్బసం అని అన్నీ మాన్పిస్తారు. ఏదైనా ఒకటి తిన్న ప్రతిసారీ ఆయాసం వస్తే దాన్ని మానాలి. అంతేగాని అన్నీ మానితే మనిషి నీరసపడుతుంది. ఉబ్బసం మాత్రం తగ్గదు.

రెండు రకాల మందులు

ఉబ్బసానికి మందును పీల్చటమే మంచిది. బిళ్ళ మింగితే అది కడుపులోకి పోయి, రక్తంలో కలిసి, ఒళ్ళంతా తిరిగి రొమ్ముకు చేరాలి. పీలిస్తే నేరుగా గాలి గొట్టాల్లోకే పోతుంది. అందుకే కొద్దిపాటి మందు సరిపోతుంది.

ఈ పంపు రావటం వెనక ఒక ఆడపిల్ల మాట ఉంది. 1955లో అమెరికాలో ఒక మందుల కంపెనీ అధిపతి కూతురికి ఉబ్బసం ఉండేది. జుట్టుకు కొట్టుకునే మందు డబ్బాలా తన మందు కూడా నొక్కితే వచ్చేలా ఎందుకు చెయ్యరని ఆ పిల్ల తండ్రిని అడిగింది. మరుసటి ఏడాది, 1956లో, పంపు అమ్మకానికి వచ్చింది.

పీల్చే మందులు రెండు రకాలు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు వాడేది. బిగుసుకున్న కండను వదులు చేస్తుంది. కొద్ది నిమిషాల్లో పని చేస్తుంది. సాల్‌బుటమాల్ ఇలాంటిదే. రెండోది రోజూ వాడేది. లోపలి వాపును మెల్లగా తగ్గిస్తుంది. బుడెసొనైడ్ ఇలాంటిదే.

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. మొదటి మందు పీల్చగానే హాయిగా ఉంటుంది. రెండోది పీలిస్తే వెంటనే ఏమీ తెలియదు. అందుకని రెండోది మానేస్తారు. కాని వాపు ఆయాసం లేని రోజున కూడా ఉంటుందని పైన చదివాం. ఆ వాపు అలాగే ఉంటే మళ్ళీ మళ్ళీ ఎగదన్నుతుంది. కండను వదులు చేసే మందు ఒక్కదాన్నే నమ్ముకుని ఉండొద్దని 2019లో ప్రపంచంలోని ఆస్తమా నిపుణులు గట్టిగా చెప్పారు. ఇప్పుడు కొందరికి రెండు పనులూ చేసే ఒకే పంపు రాస్తున్నారు.

"పంపుకు అలవాటు పడితే ఇక వదలదు" అని భయపెట్టేవాళ్ళు ఉంటారు. పంపు మత్తుమందు కాదు. దానికి అలవాటు పడటం ఉండదు. రోజూ వాడే పంపు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి. లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

కొందరికి పొడి మందు గొట్టాలు ఇస్తారు. గొట్టంలో మందుబిళ్ళ పెట్టి తిప్పి పీల్చాలి. ఎలా వాడాలో చెప్పేవాళ్ళు లేక ఆ బిళ్ళను నీళ్ళతో మింగేవాళ్ళు కూడా ఉన్నారు. మింగితే లాభం లేదు. ఇచ్చిన చోటే ఒకసారి చేసి చూపించమని అడగాలి. అడగటానికి సిగ్గు వద్దు.

ఎగదన్నే ముందు కనపడే గుర్తులు

ఉన్నట్టుండి వచ్చింది అంటాం గాని, చాలాసార్లు రెండు మూడు రోజుల ముందే గుర్తులు కనపడతాయి. తెల్లవారుజామున దగ్గుతో మెలకువ వస్తుంది. మామూలుగా నడిచే దూరానికే రొప్పు వస్తుంది. పంపు ఎక్కువసార్లు వాడాల్సి వస్తుంది. అప్పుడే డాక్టరు దగ్గరికి పోతే రాత్రి పూట పరుగులు తప్పుతాయి.

ఆడవాళ్ళు ఇక్కడే ఆలస్యం చేస్తారు. "నాట్లు అయ్యాక పోదాం", "పండుగ వెళ్ళాక పోదాం" అనుకుంటారు.

కొత్తగా పెళ్ళయిన పిల్ల సంగతి మరీ కష్టం. పుట్టింటివాళ్ళు జబ్బు దాచి పెళ్ళి చేస్తారు. పిల్ల పంపును పెట్టె అడుగున దాస్తుంది. అత్తగారింట్లో ఎగదన్నితే పంపు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"పిల్లకు ఆయాసం ఉందని మాకెందుకు చెప్పలేదు వదినా?" అని అత్త అడుగుతుంది.

"చెబితే మీరు చేసుకుంటారా వదినగారూ?" అంటుంది తల్లి.

ఇద్దరి మాటా అలా ఉంచితే, ఊపిరి ఆగేది ఆ పిల్లకు. ఇంట్లో కనీసం ఇద్దరికి పంపు ఎక్కడుందో తెలియాలి.

కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకు మంచిది కాదని మందు మానేస్తారు. ఇది చాలా ప్రమాదం. తల్లికి ఊపిరి అందకపోతే కడుపులో బిడ్డకూ అందదు. డాక్టరు రాసిన పీల్చే మందులు గర్భిణులు వాడుకోవచ్చు. వాడాలి కూడా.

ఎగదన్నినప్పుడు

మొదట మనిషిని కూర్చోబెట్టాలి. పడుకోబెట్టకూడదు. కొద్దిగా ముందుకు వంగి, చేతులు మోకాళ్ళ మీదో, దిండు మీదో ఆనించుకోవాలి. రవిక బిగుతుగా ఉంటే వదులు చెయ్యాలి. చుట్టూ మూగొద్దు. గాలి ఆడనివ్వాలి. పొయ్యి, అగరొత్తి, దోమల చుట్ట వెంటనే ఆర్పాలి.

తర్వాత ఆయాసం వచ్చినప్పుడు వాడే పంపు తియ్యాలి. సాల్‌బుటమాల్ పంపు అయితే లెక్క సులువు. నాలుగు, నాలుగు, నాలుగు. పంపును బాగా ఊపాలి. ఒకసారి నొక్కి, గొట్టంలోంచి నాలుగు ఊపిరులు తియ్యాలి. ఇలా నాలుగుసార్లు నొక్కాలి. ప్రతిసారీ ముందు ఊపాలి. తర్వాత నాలుగు నిమిషాలు ఆగాలి. తగ్గకపోతే మళ్ళీ నాలుగు నొక్కులు. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యాలి. బండి వచ్చేదాకా నాలుగు నిమిషాలకొకసారి అలాగే ఇస్తూ ఉండాలి. వేరే పంపు రాసి ఉంటే డాక్టరు చెప్పిన లెక్క పాటించాలి.

ఆ గాభరాలో నొక్కటం, పీల్చటం ఒకేసారి కుదరవు. మందు నోట్లోనే పడిపోతుంది. అందుకే పంపుకు స్పేసర్ అనే బుర్ర తగిలిస్తారు. అది కొనలేకపోతే అర లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. సీసా అడుగున పంపు మూతి సరిగ్గా పట్టేంత బెజ్జం చెయ్యాలి. సందు లేకుండా పంపు దూర్చాలి. సీసా మూతిని నోట్లో పెట్టుకుని పీల్చాలి. ఇది వట్టి చిట్కా కాదు. దక్షిణాఫ్రికాలో పిల్లల డాక్టర్లు ఇలాంటి సీసాను పరీక్షించి చూశారు. కొన్న స్పేసర్ లాగే పనిచేస్తుందని 1999లో ప్రకటించారు. సీసాను ముందే చేసి ఉంచుకోవాలి. సబ్బునీళ్ళతో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి.

కొన్ని గుర్తులు కనపడితే లెక్క పెడుతూ కూర్చోకూడదు. మనిషి ఒక మాట పూర్తిగా అనలేకపోతున్నా, పెదవులు, గోళ్ళు నీలంగా మారినా, ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు, మెడ గుంటలు లోపలికి పోతున్నా, మత్తుగా జోగుతున్నా వెంటనే 108 పిలవాలి. ఒక చేత్తో పంపు ఇస్తూనే ఉండాలి.

ఇంకో గుర్తు ఉంది. చాలామంది దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. అప్పటిదాకా పిల్లికూతలు వినపడతాయి. ఉన్నట్టుండి ఆగిపోతాయి. "తగ్గింది, నిద్రపోనివ్వండి" అంటారు. మనిషి తేరుకుని మాట్లాడుతుంటే తగ్గినట్టే. అలసిపోయి వాలిపోతుంటే తగ్గినట్టు కాదు. గాలి అసలు ఆడటం లేదు కాబట్టే కూత కూడా లేదు. ప్రాణాలు పోయేది ఇలాంటప్పుడే.

108 బండి 2005లో మన దగ్గర మొదలైంది. దానికి డబ్బు కట్టక్కర లేదు. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెడతారు. నోటికీ ముక్కుకూ మూత పెట్టి మందును ఆవిరిలా పట్టిస్తారు.

ఊళ్ళో సూది మందు వేయించుకుని తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. తగ్గిన ప్రతిసారీ ఆ సూదే గొప్పదనిపిస్తుంది. ఒకసారి తగ్గదు. చీటీ లేకుండా స్టెరాయిడ్ బిళ్ళలు కొని నెలల తరబడి మింగటం కూడా మంచిది కాదు. ఎముకలు గుల్లబారతాయి. షుగరు వస్తుంది.

మృగశిర కార్తె రోజున హైదరాబాదులో చేప మందు ఇస్తారు. బత్తిని కుటుంబంవారు చిన్న కొరమీను నోట్లో మందు పెట్టి, బతికున్న చేపను మింగిస్తారు. డబ్బు తీసుకోరు. దూరదూరాల నుంచి వేలమంది వస్తారు. ఈ మందుతో ఉబ్బసం పోతుందని వైద్య పరీక్షల్లో రుజువు కాలేదు. పోవాలనుకున్నవాళ్ళు పోతారు. అయితే పంపు వెంట తీసుకుపోవాలి. ఆ మందు మింగామని పంపు మానకూడదు.

ఒక మాట. ఆయాసమంతా ఉబ్బసం కాదు. రక్తం తక్కువైనా, గుండె జబ్బు ఉన్నా ఆయాసం వస్తుంది. ఏళ్ళ తరబడి కట్టెల పొగ పీల్చినా వస్తుంది. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించాలి. ఏ జబ్బో తేల్చుకున్నాకే మందు.

చదువు వచ్చిన చెయ్యి చేసే పని

పంపుల మీద పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. రంగును బట్టి గుర్తు పెట్టుకుంటే కంపెనీ మారినప్పుడు రంగు మారుతుంది. కాబట్టి మందుల కొట్టువాడిని అడిగి, చిన్న కాగితం మీద తెలుగులో రాసి అంటించాలి. ఒకదాని మీద "రోజూ" అని, రెండోదాని మీద "ఆయాసం వస్తే" అని రాస్తే చాలు.

పంపులో మందు ఎప్పుడు అయిపోతుందో లెక్క కూడా కట్టాలి. మందు అయిపోయినా పంపు ఊపితే చప్పుడు వస్తుంది, నొక్కితే గాలి వస్తుంది. చాలా పంపుల్లో 200 నొక్కులు ఉంటాయి. ఆ అంకె డబ్బా మీద ఉంటుంది. పొద్దున రెండు, రాత్రి రెండు నొక్కితే రోజుకు నాలుగు. 200ను నాలుగుతో భాగిస్తే 50 రోజులు. మొదలుపెట్టిన తేదీ పంపు మీద రాసుకుంటే కొత్తది ఎప్పుడు కొనాలో తెలుస్తుంది.

తలుపు వెనక ఒక కాగితం అంటించాలి. పంపు ఉండే చోటు, నాలుగు-నాలుగు-నాలుగు లెక్క, 108, పడని మందు ఏదైనా ఉంటే దాని పేరు పెద్ద అక్షరాలతో రాయాలి. ఊపిరి అందని మనిషి నోటితో చెప్పలేదు. రాత్రి పూట పదేళ్ళ పిల్ల అయినా ఆ కాగితం చదివి అమ్మకు పంపు అందిస్తుంది.