వెండితెరపై నల్ల బంగారము

గోదావరిఖని ప్రేక్షకుడు బొగ్గును తెరపై చూచి తెలిసికొనవలసినవాడు కాడు. కనుకనే గని చిత్రములపై అతని తీర్పునకు ప్రత్యేకమైన విలువ ఉన్నది.

2023లో వచ్చిన శ్రీకాంత్ ఓదెల చిత్రము ‘దసరా’ సింగరేణి గనుల నడుమ నున్న వీర్లపల్లిని కథాస్థలముగా గ్రహించినది. ముఖములపై బొగ్గుమసి, నోట ఈ నేల పలుకు, గూడ్సు బండినుండి బొగ్గు దొంగిలించు కుర్రవాండ్రు, ఊరిని ముంచిన మద్యము కనుల కట్టినట్లున్నవి. కాని గనిలోని పని మాత్రము కథకు నేపథ్యముగానే మిగిలినది.

1979లో యశ్ చోప్రా తీసిన హిందీ చిత్రము ‘కాలా పత్థర్’ గనిలోనికే దిగినది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపమున చాస్నాలా గని నీట మునిగి, 370 మందికి పైగా మరణించిన ఘోరము దానికి ప్రేరణ. నాయకుల పోట్లాటల ఆర్భాటము అందు ఎక్కువే. అయినను నీరు విరుచుకొనిపడిన క్షణమున ప్రేక్షకుని ఊపిరి నిలిచిపోవును.

గోదావరిఖనిలో ఆ ఊపిరి నిలుచుటకు మరియొక కారణము కలదు. 2003 జూన్ 16న ఇచ్చటి 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది కార్మికులు బలియైనారు. షిఫ్టు ముగిసినను మనిషి రాని వాకిలి ఎట్లుండునో ఈ ఊరు ఎరుగును. ఏ చిత్రమునైనను ఈ ఊరు ఆ వాకిట నిలిపియే తూచును.