ఈత రాకుండా రోయింగ్ క్లబ్‌లో చేరాను: చలికాలం ట్రైనింగ్ అంటే అసలు ఏం చేస్తారు?

ఈ రోజు టాపిక్ రోయింగ్. అంటే పడవ తొయ్యడం. సినిమాల్లో హీరో హీరోయిన్‌ని కూర్చోబెట్టుకుని తెడ్డు వేసే పడవ కాదండి, సన్నగా పొడుగ్గా సూదిలా ఉండే రేసు పడవ. నేను కంపెనీ తరఫున ఇంగ్లండ్ వెళ్లినప్పుడు థేమ్స్ నది ఒడ్డున ఒక చిన్న అమెచ్యూర్ క్లబ్‌లో చేరాను. పేరు చెప్పను, ఎందుకో ముందుకెళ్తే మీకే అర్థమవుతుంది. అక్కడ ఒక చలికాలం మొత్తం ట్రైనింగ్ చేశాను. అందులో ఒక అబద్ధం కూడా ఆడాను. దాని గురించి కూడా చెప్తాను.

ఎందుకు చేరానంటే, నిజం చెప్పాలంటే ఒంటరితనం. అక్టోబర్ దాటితే అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఆఫీస్, రూమ్, ఫోన్, నిద్ర. వారాంతం వస్తే రెండు రోజులు నోరు తెరిచి మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. టీమ్‌లో ఒకామె "మా క్లబ్‌కి రా, కొత్తవాళ్లకి నేర్పిస్తారు" అంది. వెళ్లాను.

ముందు బేసిక్స్

మన తెలుగులో అన్నిటికీ తెడ్డు అనే అంటాం కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. కేరళ వళ్ళంకళి పడవల్లో తెడ్డు చేతిలోనే ఉంటుంది, మనిషి ముందుకి చూస్తూ కూర్చుంటాడు. రోయింగ్‌లో తెడ్డు పడవకి బిగించిన ఇనుప చట్రంలో తిరుగుతుంది, మనం వెనక్కి చూస్తూ కూర్చుంటాం. అంటే మనం ఎటు పోతున్నామో మనకే కనపడదు. పెద్ద పడవల్లో చుక్కాని పట్టుకుని దారి చూసే మనిషి ఒకరుంటారు, వాళ్లని కాక్స్ అంటారు.

ఒక్కొక్కరికి ఒక్కో పెద్ద తెడ్డు ఉంటే స్వీప్. రెండు చేతుల్లో రెండు చిన్న తెడ్లు ఉంటే స్కల్లింగ్. ఎనిమిది మంది తోసే పడవని ఎయిట్ అంటారు. అంతర్జాతీయ రూల్ ప్రకారం దాని కనీస బరువు 96 కిలోలు. దాదాపు 17 మీటర్ల పొడుగు పడవ, ఎనిమిది మంది భుజాల మీద పెట్టుకుని మోసుకెళ్తారు. తలకి 12 కిలోలు. అంత తేలిక పడవలో ఒక్కరు తల పక్కకి వంచినా అందరికీ తెలుస్తుంది.

ఇంకో విషయం. అందరూ ఇది చేతుల ఆట అనుకుంటారు. కాదు. కూర్చునే సీటు చక్రాల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. మోకాళ్లు మడిచి ముందుకి జారి, తెడ్డు నీళ్లలో దించి, కాళ్లతో గట్టిగా తంతాం. తర్వాత నడుము, చివర్లో చేతులు. వెనక్కి వచ్చేటప్పుడు దానికి రివర్స్: చేతులు, నడుము, కాళ్లు. మొదటి నెలంతా మా కోచ్ నోట్లోంచి వచ్చింది ఈ మూడు మాటలే.

చలికాలంలోనే ఎందుకు?

నాకూ ఇదే డౌట్. హాయిగా ఎండాకాలం పెట్టుకోవచ్చు కదా, గడ్డకట్టే చలిలో ఎందుకు?

కారణం రేసుల క్యాలెండర్. ఇంగ్లండ్‌లో ఎండాకాలంలో రెగట్టాలు జరుగుతాయి. పడవలు పక్కపక్కన నిలబడి పోటీపడతాయి, చిన్న దూరం. 1839 నుంచి జరుగుతున్న హెన్లీ రాయల్ రెగట్టా అలాంటిదే, దాని కోర్సు 2112 మీటర్లు. చలికాలంలో జరిగేవి హెడ్ రేసులు. వీటిలో పడవలు ఒకదాని వెనక ఒకటి కొన్ని సెకన్ల తేడాతో బయల్దేరతాయి, ఎవరి టైమ్ తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. దూరం ఎక్కువ. అన్నిటికంటే పేరున్నది లండన్‌లో మార్చిలో జరిగే హెడ్ ఆఫ్ ది రివర్ రేస్. స్టీవ్ ఫెయిర్‌బెయిర్న్ అనే ఆస్ట్రేలియా కోచ్ 1926లో మొదలుపెట్టాడు. మోర్ట్‌లేక్ నుంచి పట్నీ దాకా సుమారు 6.8 కిలోమీటర్లు. చలికాలంలో క్లబ్బుల్ని చురుగ్గా ఉంచడానికే ఆయన ఇది పెట్టాడు.

రెండో కారణం శరీరం. చలికాలం ట్రైనింగ్‌లో ఎక్కువ భాగం నెమ్మదిగా, చాలాసేపు. నిమిషానికి 18 నుంచి 20 స్ట్రోకులు, గంట, గంటన్నర. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత స్పీడు. ఎండాకాలం రేసులో అదే నిమిషానికి 30 దాటుతుంది. ఇలా నెలలకొద్దీ చేస్తే గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పంపుతుంది, కండరాల్లో సన్న రక్తనాళాలు పెరుగుతాయి. ఇది రెండు వారాల్లో వచ్చేది కాదు. పరీక్షకి ముందు రోజు రాత్రి చదివి బీటెక్ పాసయ్యాం కదా అని ఇక్కడ కూడా అలాగే చేద్దామంటే కుదరదు. నేను ట్రై చేశాను, కుదరలేదు.

ఎర్గ్ అనే మెషీన్

నది పొంగినా, మంచు పట్టినా పడవలు బయటికి తియ్యరు. థేమ్స్‌లో ప్రవాహం పెరిగితే లాక్‌ల దగ్గర హెచ్చరిక బోర్డులు పెడతారు. ఎర్ర బోర్డు కనపడిందంటే మా క్లబ్‌లో ఆ రోజు పడవల్లేవు. మరి ఏం చేస్తాం? ఎర్గ్. జిమ్‌లో మీరు చూసే రోయింగ్ మెషీన్ అదే.

దాని స్క్రీన్ మీద ఒక నంబర్ ఉంటుంది, స్ప్లిట్ అంటారు. 500 మీటర్లకి ఎంత టైమ్ పడుతుందో ఆ లెక్క. అందరూ భయపడే టెస్ట్ 2000 మీటర్లది. నా మొదటి టెస్ట్ నవంబర్‌లో, 9 నిమిషాల 20 సెకన్లు. దిగగానే నేల మీద పడుకుండిపోయాను.

ఇక్కడ ఇంజనీర్ బుర్రకి నచ్చే లెక్క ఒకటుంది. మెషీన్ వాట్స్‌ని ఇలా లెక్కేస్తుంది: ఒక మీటర్‌కి పట్టిన సెకన్లని ఘనం చేసి, దాంతో 2.8ని భాగిస్తుంది. నా 9:20 అంటే స్ప్లిట్ 2:20, అంటే సుమారు 128 వాట్లు. మార్చిలో నా టైమ్ 8:40. స్ప్లిట్ 2:10, సుమారు 159 వాట్లు. టైమ్ తగ్గింది 7 శాతమే, దానికి పవర్ మాత్రం 25 శాతం పెరగాల్సి వచ్చింది. నీళ్లలో కూడా ఇంచుమించు ఇంతే: స్పీడు పెరిగేకొద్దీ నీటి అడ్డు దాని వర్గంలో పెరుగుతుంది, కావాల్సిన పవర్ ఘనంలో పెరుగుతుంది. అందుకే రోయర్లు రెండు సెకన్లు తగ్గితే పండగ చేసుకుంటారు. ఆస్ట్రేలియాకి చెందిన జోష్ డంక్లీ స్మిత్ 2018లో ఇదే 2000 మీటర్లు 5 నిమిషాల 35.8 సెకన్లలో కొట్టాడు. లెక్కేస్తే దాదాపు 590 వాట్లు, ఐదున్నర నిమిషాలపాటు! నేను లెక్కేసి కాలిక్యులేటర్ పక్కన పెట్టేశాను.

ఇప్పుడు నా అబద్ధం

క్లబ్‌లో చేరేటప్పుడు ఒక ఫారం ఇచ్చారు. అందులో ఒక ప్రశ్న: 50 మీటర్లు ఈదగలరా? నేను అవును అని టిక్ పెట్టాను.

నాకు ఈత రాదు. మా అమ్మమ్మ వాళ్ల ఊరు తెనాలి దగ్గర, ఇంటి వెనకే కాలవ. ఎండాకాలం సెలవుల్లో మా బావలు, అన్నయ్యలు అందరూ అందులోనే ఉండేవాళ్లు. నేను గట్టు మీద వాళ్ల బట్టలకి కాపలా. ఆడపిల్లకి ఈతెందుకే అనేది మా అమ్మమ్మ. పాతికేళ్లు వచ్చాక, పరాయి దేశంలో, అందరి ముందూ రాదు అని చెప్పడానికి సిగ్గేసింది.

నవంబర్ చివర్లో కొత్తవాళ్లందరినీ ఒక స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్లారు. పడవ బోల్తా కొట్టించి బయటికి రావడం ప్రాక్టీస్ చేయిస్తారు. ఎందుకంటే మన పాదాలు పడవకి బిగించిన బూట్లలో ఉంటాయి. తలకిందులైతే పాదాలు వాటంతటవే బయటికి రావాలి, అందుకే మడమల దగ్గర చిన్న తాడు కట్టి ఉంటుంది. నా వంతు వచ్చేసరికి పూల్ గట్టు పట్టుకుని నిలబడిపోయాను. కోచ్ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది, "నీకు ఈత రాదు కదా?" నేనేం మాట్లాడలేదు.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. "నువ్వు రాదు అని రాసుంటే మేం నేర్పించేవాళ్లం. వచ్చు అని రాస్తే, నీకోసం నీళ్లలోకి దూకేవాళ్ల ప్రాణం కూడా నువ్వు పణంగా పెట్టినట్టు" అంది. ఆ రోజు నుంచి ఆరు వారాలు నాకు నది బంద్. ఎర్గ్ మాత్రమే. వారానికి రెండు రోజులు ఊరి పూల్‌లో పెద్దవాళ్ల ఈత క్లాసు. నా బ్యాచ్‌లో అరవై దాటిన తాతగారు ఒకాయన ఉండేవాడు, నాకంటే ముందు ఆయనకే వచ్చేసింది.

జనవరి మధ్యలో 50 మీటర్లు ఈది చూపించాను. అప్పుడు మళ్లీ పడవ ఎక్కనిచ్చారు.

ఆరు డిగ్రీల నీళ్లు

ఫిబ్రవరి చివర. నన్ను ఇద్దరు తోసే డబుల్‌లో ఒకావిడతో వేశారు. ఆవిడకి 62 ఏళ్లు, ముప్ఫై ఏళ్లుగా రోయింగ్ చేస్తోంది. అక్కడ అందర్నీ పేరు పెట్టే పిలవాలి. నాకు నోరు రాక, మనసులో పెద్దమ్మా అనుకునేదాన్ని. ఆ రోజు బోర్డు మీద నీటి ఉష్ణోగ్రత 6 డిగ్రీలు అని రాసుంది. వెనకాలే కోచ్ మోటార్ బోటు.

పడవ తిప్పేటప్పుడు నా తెడ్డు నీళ్లలో ఇరుక్కుపోయింది. దీన్ని వాళ్ల భాషలో పీత పట్టడం అంటారు. సర్దుకోడానికి చెయ్యి వదిలేశాను. అది చెయ్యకూడని పని. అంతే, బోల్తా.

చల్లటి నీళ్లలో పడితే ఏమవుతుందో మాటల్లో చెప్తే అర్థం కాదు. ఊపిరి దానంతటదే గట్టిగా లోపలికి లాక్కుంటుంది, ఆపలేం. దీన్ని కోల్డ్ వాటర్ షాక్ అంటారు, 15 డిగ్రీల కంటే తక్కువ నీళ్లలోనే ఇది రావచ్చు. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. బాగా ఈత వచ్చినవాళ్లు కూడా ఒడ్డుకి పది గజాల దూరంలో మునిగిపోయేది ఇందుకే.

గుర్తుపెట్టుకోడానికి ఒక లెక్క ఉంది: 1, 10, 1. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత సుమారు 10 నిమిషాలు మాత్రమే చేతులు కాళ్లు మన మాట వింటాయి. చలికి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. అంటే చంపేది ముందు చలి కాదు, మొదటి నిమిషంలో కంగారు.

నేను ఒడ్డు వైపు చూశాను. పదిహేను మీటర్లు ఉంటుందేమో. ఈదేద్దాం అనిపించింది, కొత్తగా నేర్చుకున్నాను కదా. పెద్దమ్మ పడవ పట్టుకుని ఒకటే మాట అంది: "పడవ వదలకు. తొంభై దాకా లెక్కపెట్టు." లెక్కపెట్టాను, తెలుగులోనే. నలభై దగ్గర ఊపిరి దారికొచ్చింది. డెబ్బై దాటేసరికి మోటార్ బోటు వచ్చేసింది. ముందు నన్ను ఎక్కించుకున్నారు, తర్వాత ఆవిడని.

ఆ రోజు నాకు తట్టిందేంటంటే, ఆరు వారాల ఈత నన్ను ఒడ్డుకి చేర్చలేదు. నీళ్లంటే భయం కాస్త తగ్గించింది, ఆవిడ చెప్పింది వినేంత బుర్ర మిగిల్చింది. ఈత రాకపోతే ఆ తొంభై అంకెలు లెక్కపెట్టేదాన్ని కాదు.

క్లబ్ అంటే పడవలే కాదు

క్లబ్‌హౌస్‌లో నాకు పొడి బట్టలు ముగ్గురిచ్చారు, టీ ఒకరు పెట్టారు. వీళ్లెవరికీ జీతం లేదు. కోచ్ పగలు స్కూల్లో టీచర్, కెప్టెన్ ప్లంబర్. ప్రాక్టీస్ అయ్యాక పడవ కడిగి, తుడిచి, రాక్ మీద పెట్టి, నట్లు సరిచూసుకుని అప్పుడే ఇంటికి. రేసుకి వెళ్లాలంటే ఇనుప చట్రాలు విప్పి, పడవలు ట్రైలర్‌కి కట్టి, అక్కడ మళ్లీ బిగించాలి. పెద్ద కంపెనీ మేనేజర్ కూడా చేతిలో స్పానర్ పట్టుకుని బురదలో కూర్చుంటాడు. ఆదివారం ప్రాక్టీస్ తర్వాత అందరూ బేకన్ శాండ్‌విచ్ తినేవాళ్లు. నా కోసం చీజ్‌ది ఒకటి విడిగా చెయ్యడం మొదలుపెట్టారు, నేను అడక్కుండానే. పొద్దున్న ఆరింటికి నేను రాకపోతే ఎనిమిది మంది పడవ కదలదు. ఆ దేశంలో నా కోసం ఎదురుచూసే మనుషులు ఉన్నారని మొదటిసారి అనిపించింది అక్కడే.

మన దగ్గర?

ఇది తెల్లవాళ్ల ఆట అనుకోకండి. కలకత్తా రోయింగ్ క్లబ్ 1858 నాటిది, చెన్నైలో అడయార్ నది మీది మద్రాస్ బోట్ క్లబ్ 1867 నాటిది. నాసిక్ జిల్లా కరువు ఊరి నుంచి వచ్చిన దత్తు బబన్ భోకనల్ ఆర్మీలో చేరాకే ఈ ఆట నేర్చుకున్నాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో 13వ స్థానం, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో నలుగురి పడవలో బంగారు పతకం. 2024 పారిస్‌కి మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క రోయర్ బల్‌రాజ్ పన్వార్ కూడా ఆర్మీ మనిషే. మనకి చలి సమస్య లేదు, అందుబాటులో క్లబ్బులు లేకపోవడమే సమస్య.

చివరగా ఒక్క మాట. ప్రతి ఎండాకాలం, ప్రతి పండక్కి మన పేపర్లో ఒక వార్త వస్తుంది: కాలవలోనో క్వారీ గుంటలోనో ఈతకెళ్లిన పిల్లలు. విదేశాల్లో సరదాగా లేక్‌కి వెళ్లిన మన స్టూడెంట్స్ గురించీ వింటున్నాం. వాళ్లలో ఎంతమంది "నాకు ఈత రాదు" అని ఫ్రెండ్స్ ముందు చెప్పలేక దిగారో మనకి తెలీదు. నేనైతే చెప్పలేకపోయాను. నాకు అడిగే కోచ్ ఉంది కాబట్టి బతికిపోయాను.

రోయింగ్ చెయ్యమని మిమ్మల్ని బలవంతపెట్టను. ఈత మాత్రం నేర్చుకోండి, ఏ వయసైనా పర్లేదు. అప్పటిదాకా ఎవరైనా పడవెక్కమన్నా, నీళ్లలోకి దిగమన్నా, "నాకు రాదు" అని గట్టిగా చెప్పండి. ఈ సంక్రాంతికి నేను అమ్మమ్మ వాళ్ల ఊరెళ్తున్నాను. మా అన్నయ్య కూతురికి ఎనిమిదేళ్లు. దాన్ని గట్టు మీద కూర్చోబెట్టను, పూల్‌లో నేర్పిస్తాను.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.