మంచు కొండల్లో మీ ఫోన్ ఏం చేయగలదు? ఏం చేయలేదు?

పోయిన శీతాకాలం ముగ్గురు ఫ్రెండ్స్‌మి సియాటిల్ దగ్గర స్నోక్వాల్మీ పాస్‌కి స్నోషూయింగ్‌కి వెళ్లాం. బయల్దేరే ముందు పార్కింగ్‌లో అవలాంచ్ బీకన్‌తో ప్రాక్టీస్ చేశాం. ఒకడు మంచులో ఒక బీకన్ దాచాడు, నేను నా దాంతో వెతకాలి. స్క్రీన్ మీద దూరం ఒకసారి 12 మీటర్లు, వెంటనే 30, మళ్లీ 9. బాణం గుర్తు ఇష్టమొచ్చినట్టు తిరుగుతోంది. బీకన్ పాడైపోయిందనుకున్నా. తీరా చూస్తే తప్పు నాదే. చెస్ట్ పాకెట్‌లో ఫోన్ ఉంది!

ఫోన్‌కీ బీకన్‌కీ ఏంటి గొడవ?

బీకన్ పనిచేయడానికి జీపీఎస్, సిమ్ సిగ్నల్ అక్కర్లేదు. 457 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. ఎవరైనా మంచులో కూరుకుపోతే మిగతావాళ్లు తమ బీకన్లను సెర్చ్ మోడ్‌కి మార్చి వెతుకుతారు. ఫోన్, స్మార్ట్‌వాచ్, యాక్షన్ కెమెరా, హీటెడ్ గ్లోవ్స్ లాంటివి పక్కనే ఉంటే ఆ బలహీనమైన సిగ్నల్‌లో నాయిస్ కలిసిపోతుంది. అందుకే రూల్ సింపుల్: నడిచేటప్పుడు కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు కనీసం 50 సెంటీమీటర్ల దూరం. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఒక్కటే చాలదు, స్విచ్ఛాఫ్ చేయడం మేలు.

గాలి చేసే పలక

అసలు ప్రమాదం పేరు విండ్ స్లాబ్. ఏటవాలు బల్ల మీద ఆవాలు పోసి, పైన పలక పెట్టారనుకోండి. కాసేపు కదలకుండా ఉండొచ్చు. కొంచెం బరువు పడితే మొత్తం జారిపోతుంది. కొండ మీద గాలి సరిగ్గా ఇదే చేస్తుంది. ఒక వైపు మంచుని ఊడ్చి, గాలి తగలని రెండో వైపు గట్టి పలకలా పేరుస్తుంది. ఆకాశం నుంచి పడే మంచు కంటే పది రెట్లు వేగంగా కూడా పేర్చగలదు. కాబట్టి వెదర్ యాప్‌లో సూర్యుడి బొమ్మ ఉన్న రోజున కూడా ప్రమాదం తయారవుతూనే ఉంటుంది.

గుర్తులు: మంచు నున్నగా, దిండులా ఉబ్బి ఉండటం, కాలు వేస్తే డప్పు లాంటి శబ్దం, పాదాల దగ్గర నుంచి పగుళ్లు పాకడం. ఇలాంటి అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో వస్తాయి.

3/5 అంటే యావరేజ్ కాదు

అక్కడ నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ వెబ్‌సైట్‌లో అవలాంచ్ ఫోర్‌కాస్ట్ ఇస్తుంది. ప్రమాదానికి ఐదు లెవెల్స్. మన రివ్యూల్లో 3/5 అంటే 'పర్లేదు, కొనొచ్చు'. అక్కడ మూడో లెవెల్ అంటే మనిషి అడుగుతో అవలాంచ్ వచ్చే అవకాశం గట్టిగా ఉందని. మన దేశంలో ఇలాంటి హెచ్చరికలు చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ సంస్థ డీజీఆర్‌ఈ ఇస్తుంది. గుల్మార్గ్ ప్లాన్ చేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఫోన్ అసలు ఉపయోగం ఇక్కడే. ఇంట్లోనే ఫోర్‌కాస్ట్ చదవడం, వాలు కోణాన్ని రంగుల్లో చూపే మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌లో సేవ్ చేసుకోవడం. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి లోపలి జేబులో పెట్టుకోవాలి, కానీ బీకన్‌కి దూరంగా.

శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది కదా అంటారా? కూరుకున్నవాళ్లని 10 నిమిషాల్లోపు తవ్వి తీస్తే పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే ఆ లెక్క దారుణంగా పడిపోతుంది. రెస్క్యూ టీమ్ అంత త్వరగా రాలేదు. మీ పక్కన ఉన్న ఫ్రెండే మీ రెస్క్యూ టీమ్. వాడి దగ్గర బీకన్, ప్రోబ్, పార ఉండాలి, వాడటం వచ్చి ఉండాలి.

ఫైనల్ వెర్డిక్ట్

ఆ రోజు ఒక చిన్న గట్టు మీద కాలు వేయగానే పగులు సర్రున పాకింది. పైన వాలు చాలా అందంగా ఉంది, మా వాడికి అక్కడ డ్రోన్ షాట్ కావాలి. వెనక్కి వెళ్దాం అన్నాను. వాడు కారెక్కేదాకా మాట్లాడలేదు. ఆ వాలు మీద తర్వాత ఏమైనా జరిగిందా అంటే, మేం ఉన్నంతసేపు ఏమీ జరగలేదు. చిక్కంతా అదే. తప్పు చేసినా చాలాసార్లు ఏమీ కాదు, మనం కరెక్టే అనిపిస్తుంది. టెస్టింగ్‌లో దొరకని బగ్ ప్రొడక్షన్‌లో పేలినట్టు, ఒక్కసారి చాలు.

బీకన్ కొనండి లేదా అద్దెకి తీసుకోండి. కానీ దానికంటే ముందు అవలాంచ్ కోర్స్ చేయండి. ఫోన్ మాత్రం ఆఫ్ చేసి బ్యాగ్‌లో పెట్టేయండి.