ఎవరి కత్తి వారికే

కాజీపేట పేరులోనే ఖాజీ ఉన్నాడు. వరంగల్ ఖాజీల వంశానికి చెందిన హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ (మరణం 1856) దర్గా ఇక్కడే ఉంది. సఫర్ మాసంలో ఉర్సు జరిగితే ఎక్కడెక్కడి నుంచో జనం రైలు దిగుతారు. ఉర్సుకైనా, జుమా నమాజుకైనా బయలుదేరే ముందు గడ్డం అంచులు, మెడ కింది వెంట్రుకలు సరిచేసుకోవడం మనకు అలవాటు. మీసం కత్తిరించడం, గోళ్ళు తీసుకోవడం వంటి పనులను నలభై రోజులకు మించి వాయిదా వేయరాదని హదీసులు చెబుతున్నాయి. కాబట్టి గడ్డం పెంచేవారికి కత్తితో పనేముందని అనుకోరాదు. చెంప మీద గీత తిన్నగా రావాలంటే ఉస్తరాయే కావాలి.

ఇంట్లోనే ఉస్తరా పట్టాలని ఈమధ్య మన యువకులు కొందరు ముచ్చటపడుతున్నారు. ఉస్తరాలు రెండు రకాలు. ఒకటి పాతకాలపు మడతకత్తి. దీన్ని సానరాయి మీద నూరాలి, తోలుపట్టీ మీద పదును పెట్టాలి. రెండోది బ్లేడు మార్చుకునే కత్తి. మామూలు బ్లేడును మధ్యకు విరిచి సగం ఇందులో బిగిస్తారు. కొత్తగా మొదలుపెట్టేవారికి రెండోదే మేలు. నూరే పని ఉండదు, పదును ప్రతిసారీ ఒకేలా ఉంటుంది.

మడతకత్తే కావాలనుకుంటే మొన గుండ్రంగా ఉన్నది, అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల వెడల్పున్నది ఎంచుకోవాలి. దానితోపాటు తోలుపట్టీ, బ్రష్షు, సబ్బు, పటిక ఉండాలి. గీసుకునే ముందు కత్తిని పట్టీ మీద ఇరవై ముప్పైసార్లు లాగాలి. కత్తి వీపు ముందు నడవాలి, వాదర వెనుక రావాలి. తిప్పేటప్పుడు వీపు మీదనే తిప్పాలి. లేదంటే తోలు తెగుతుంది, పదును పోతుంది.

వేడినీళ్ళతో ముఖం కడిగి, నురగ బాగా పట్టించాలి. ఒక చేత్తో చర్మాన్ని బిగించి, కత్తిని ముప్పై డిగ్రీల వాలులో ఉంచి, వెంట్రుక పెరిగే దిశలోనే చిన్నచిన్నగా లాగాలి. నొక్కకూడదు, అడ్డంగా జరపకూడదు. మొదటి వారాల్లో చెంపలతో సరిపెట్టుకోవాలి. గడ్డం కింద, గొంతు దగ్గర చెయ్యి కుదిరాకే పెట్టాలి. పని అయ్యాక కత్తిని కడిగి, తడి లేకుండా తుడిచి, ఒక చుక్క నూనె రాయాలి. పిల్లలకు అందకుండా దాచాలి.

ఇక అసలు సంగతి. కంటికి కనిపించని గాటు చాలు, ఒకరి రక్తం ఇంకొకరికి అంటడానికి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో సైతం ఏడు రోజుల దాకా బతికి ఉండగలదు. హెపటైటిస్ సి కూడా రక్తం ద్వారానే సోకుతుంది. కత్తిని యాంటీసెప్టిక్ నీళ్ళలో ముంచి తీసినంత మాత్రాన సరిపోదు. అందుకే తండ్రి కత్తి కొడుకు, అన్న కత్తి తమ్ముడు వాడకూడదు. పటిక విషయంలోనూ ఇదే జాగ్రత్త. అందరి గాట్ల మీద రుద్దిన పటిక ముక్క మందు కాదు, ముప్పు.

దుకాణంలో కూర్చున్నప్పుడు కొత్త బ్లేడు మన కళ్ళముందే విప్పమని అడగాలి. అలా అడగడం అవమానించడం కాదు. గాటు పడితే రోగం సోకే ప్రమాదం పనిచేసే చేతికీ ఉంది. తరతరాలుగా మన సమాజానికి సేవ చేస్తున్న వృత్తి ఇది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన రిజర్వేషన్ చట్టంలో హజాం, నాయి, నాయి ముస్లిం, నవిద్ పేర్లతో వీరిని వెనుకబడిన వర్గాల్లో చేర్చారు. బ్లేడు ఖర్చు మరో రెండు రూపాయలైతే సంతోషంగా ఇవ్వాలి.

హజ్‌కు వెళ్ళేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. మినాలో శిరోముండనం వేళ రద్దీలో ఒకే బ్లేడు తల నుంచి తలకు మారే అవకాశం ఉంది. అనుమతి పొందిన క్షురకుల దగ్గరికే వెళ్ళాలి, బ్లేడు కొత్తదో కాదో చూసుకోవాలి. అఖీఖా రోజున పసికందు తల మీద పెట్టే కత్తి విషయం చెప్పనే అక్కర్లేదు. అక్కడ అనుభవమున్న చెయ్యి, కొత్త బ్లేడు రెండూ ఉండాలి. వెంట్రుకల ఎత్తు వెండి దానం చేసే చేతులతోనే ఆ బ్లేడు కూడా కొనివ్వాలి. బిడ్డ పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు వేసే హెపటైటిస్ బి టీకా పడిందో లేదో ముందే చూసుకోవాలి.

శుభ్రత విశ్వాసంలో భాగమని మన పిల్లలకు చెబుతూనే ఉంటాం. ఎవరి కత్తి వారికే అన్న మాట కూడా అందులో కలిపి చెబుదాం.